సమాధుల తోట దాకా ఆగరాని పాట

తెనాలిలో పెళ్లి ఊరేగింపుకు బ్యాండు మేళం కావలసినవారు తమకు నచ్చిన గుమ్మానికి వెళ్లేవారు. క్రైస్తవుల ఇంట ఎవరైనా కన్నుమూస్తే మాత్రం అందరూ మోరిస్‌పేటలోని మిరాందా వారి వాకిలికే వచ్చేవారు. శవపేటిక ముందు నడుస్తూ ఆ ఇంటివారు వాయించే పాట ఒకటుంది. దానికి పేరు లేదు. ఊరివారు దాన్ని గోవా వారి పాట అనేవారు. మిరాందా వారు దాని ఊసే ఎత్తేవారు కారు. దీపం పెట్టాక పామును పేరు పెట్టి పిలవనట్లే, శవం లేని వేళ ఆ పాటను తలవరాదని వారి నియమం.

బ్యాండు మాస్టారు కయితాన్ మిరాందాకు ఆ పాట తండ్రి నుంచి, తండ్రికి ఆయన తండ్రి నుంచి, కాగితం ముఖం చూడకుండా వచ్చింది. తాత గోవాలో లౌతోలి అనే పల్లెలో, చర్చి బడిలో స్వరాలు దిద్దుకొని, పొట్ట చేతబట్టుకొని నాటక సమాజాల వెంట తిరిగి తిరిగి తెనాలిలో ఆగాడు. ఆయన వెనుక మరికొందరు గోవావారు వచ్చారు. ఒకరు రేపల్లెలో రొట్టెల బట్టీ పెట్టారు, ఒకరు బాపట్లలో రైల్వే కొలువులో కుదిరారు. వారిలో ఒక వయొలిన్ వాద్యగాడు జ్వరం తగిలి తెనాలిలోనే పోయాడు. ఏడవడానికి తల్లి లేదు, ఆలి లేదు. అతని పేరు తప్పు లేకుండా పలకగల పొరుగువాడైనా లేడు. అప్పుడు తాత ఆ పాట కట్టాడు. ఇంటి నుంచి సమాధుల తోట గుమ్మం దాకా నాదం తెగకూడదు. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే మరొకరు పట్టుకోవాలి. గుమ్మం దగ్గర డోలు ఒక్కటే మెల్లగా మోగుతుండగా, ట్రంపెట్ వాయించేవాడు ముందుకు వచ్చి, పోయినవారి పూర్తి పేరు బిగ్గరగా పలకాలి. ఈ పరాయి నేల మీద ఇతని పేరు తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడని మట్టికి వినిపించడం అది. ఆ తరువాత క్లారినెట్ ఒంటరిగా ముగింపు పలుకు పలుకుతుంది. అక్కడితో పాట శాంతిస్తుంది.

నడుమ తెగిందా, శాంతించదు. దేవతను ఆవాహన చేసి, ఉద్వాసన చెప్పకుండా లేచిపోయినట్లే. వచ్చినది పీట మీద కూర్చొని ఎదురుచూస్తుంది.

ఇన్ని తెలిసిన కయితాన్ మాస్టారు ఆ కార్తీక మాసపు ఉదయం ఎలా ఒప్పుకున్నాడంటే, మనిషిని పడగొట్టేది ఎప్పుడూ తెలియనితనం కాదు, తెలిసినదాన్ని నలుగురికీ చూపాలన్న ఆశ. హైదరాబాదు నుంచి నీరజ అనే అమ్మాయి వచ్చింది. తెలుగు నాటక సమాజాల్లో వాయించిన గోవా వాద్యగాళ్ల గురించి పరిశోధన చేస్తున్నది. వినయం గల పిల్ల. తాత ఫొటో ముందు చెప్పులు విడిచి నిలబడింది. ఆ ఒక్క పనితోనే మాస్టారి మనసు సగం కరిగింది.

“ఆ పాట ఒక్కసారి రికార్డు చేసుకుంటానండి,” అన్నది నీరజ. “కాగితం మీద లేదంటున్నారు. మీ తర్వాత ఎవరికి తెలుస్తుంది మాస్టారూ?”

“అది వినడానికి ఉన్న పాట కాదమ్మా.”

ఆయన కొడుకు రొమాల్డ్ ట్రంపెట్‌ను గుడ్డతో తుడుస్తూ నవ్వాడు. ఇంటి తెలుగులో కలిసిపోయిన కొంకణి ముక్కలు ఇక ఒకటో రెండో మిగిలాయి. తండ్రిని ‘పాయ్’ అనడం వాటిలో ఒకటి. “పాయ్, నడిస్తేనే కదా ఊరేగింపు? కుర్చీల్లో కూర్చుని వాయిద్దాం. కూర్చుని వాయిస్తే ప్రాక్టీసే. దానికి నియమం ఏముంది?”

కీడుకు తలుపు తీసేది ఎప్పుడూ ఇలాంటి చక్కని తర్కమే.

డోలు వాయించే కాలేషాకు అది నచ్చలేదు. “నాకెందుకో ఒళ్లు జలదరిస్తోంది మాస్టారూ. చిన్నప్పుడు ఈ దెబ్బ ఇంట్లో సత్తు గిన్నె మీద కొడితే మా అమ్మ వీపు పగలగొట్టింది.”

“నీకు జలదరించేది భయం కాదెహె, పొద్దున మింగిన పుణుగులు,” అన్నాడు పెద్ద బాకా ఊదే ఎబినేజర్. అందరూ నవ్వారు. నవ్విన తరువాత కాదనడం ఎవరికీ చేతకాలేదు.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నీరజ తన ఫోనును స్టాండుకు బిగించి పక్కకు తప్పుకుంది. కయితాన్ మనసులోనే సిలువ గుర్తు వేసుకొని క్లారినెట్ ఎత్తాడు. మొదటి పలుకు బయటికి రాగానే గోడ మీది పిల్లి దూకి వెళ్లిపోయింది. డోలు అందుకుంది, బాకా అందుకుంది, ట్రంపెట్ ఆ రెండింటి మీదుగా పైకి లేచింది. కయితాన్ కళ్లు మూసుకున్నాడు. తాత చేతివేళ్లు తన వేళ్లలో కదిలినట్లయింది.

కళ్లు తెరిచేసరికి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

డోలు మెడకు తగిలించుకొని కూర్చుని కొట్టడం కాలేషాకు ఏనాడూ అలవాటు లేదు. ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. అతని వెంట ఎబినేజర్ లేచాడు, ఆ వెంట రొమాల్డ్. కయితాన్ తానూ లేచే ఉన్నాడు. ఒంటికి పట్టిన విద్య మనసు మాట వినదు. అడుగు తరువాత అడుగు, శవం ముందు వేసే ఆ బరువైన అడుగే, నలుగురూ వీధి గేటు వైపు నడుస్తున్నారు. ప్రాక్టీసు ఊరేగింపు అయిపోయింది.

ఆపితే అనర్థం. ఇక మిగిలిన దారి ఒకటే: తోట దాకా వాయించి, ఏదో ఒక పాత సమాధి మీది పేరు పలికించి ముగించడం. బయటికి పదండని కయితాన్ కళ్లతోనే సైగ చేశాడు. కాలేషాకు అర్థమైంది, అతని ముఖంలో నవ్వు చెరిగిపోయింది. వీధి గేటు దాటబోతున్నారు. పాటలో ఒక చోట క్లారినెట్, బాకా ఊపిరి కోసం ఆగుతాయి, డోలు కూడా మౌనం పాటిస్తుంది. ట్రంపెట్ ఒక్కటే నాదాన్ని భుజాన మోయాలి. సరిగ్గా ఆ చోట రొమాల్డ్ జేబులో ఫోను మోగింది.

రొమాల్డ్ ట్రంపెట్ దించి, ఫోను తీశాడు.

నాదం తెగింది. ఎదురింట్లో మిక్సీ తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినబడింది.

“హలో, ఆఁ చెప్పండి సార్. సూర్యలంకలోనా? రేపు సాయంత్రమా? వస్తానండి, తప్పకుండా వస్తాను. వాన ఏం చేస్తదండి, షెడ్డు ఉంటది కదా.” ఫోను జేబులో వేసుకొని రొమాల్డ్ ఇటు తిరిగాడు. ముగ్గురూ తననే చూస్తున్నారు. “ఏంటి, దెయ్యాన్ని చూసినట్టు చూస్తారు? బీచిలో పార్టీ అంట. ట్రంపెట్ ఒక్కటే కావాలంట. పదండి, మళ్లీ మొదట్నుంచి వాయిద్దాం.”

“మొదలెట్టడానికి లేదురా,” అన్నాడు కయితాన్. “ఆపింది నువ్వు.”

నీరజ ఏదో తప్పు జరిగిందని మాత్రం గ్రహించి, క్షమించమని అడిగి, ఫోను మూసుకొని వెళ్లిపోయింది. ఎబినేజర్ బాకాను సంచిలో పెడుతూ ఒక్క జోకైనా వేయలేదు. కాలేషా మాత్రం గేటు దగ్గర ఆగి, పాట తెగిన చోట నేల మీద ఒక ఇటుక ముక్క పెట్టి వెళ్లాడు. ఎందుకని కయితాన్ అడగలేదు. ఎవరూ ఆ చోటు తొక్కకుండా అని ఆయనకు తెలుసు.

మధ్యాహ్నం ఆయన బాపట్ల రైలెక్కాడు. అక్క పియెదాద్ తప్ప ఈ లోకంలో ఆ పాట మర్మం తెలిసినవారు ఇక లేరు. పెట్టెలో కూర్చున్నవారంతా వాయుగుండం మాటే మాట్లాడుకుంటున్నారు.

“ఒంగోలు దగ్గర దాటుద్దంట,” అన్నాడొకాయన.

“లేదు బాబాయ్, మన నెత్తినే అంటున్నారు. నిజాంపట్నంలో ప్రమాద సూచిక ఎగరేశారంట. అడవులదీవి వాళ్లు పడవలన్నీ ఒడ్డుకు లాగేశారు.”

నిడుబ్రోలు దాటిన తరువాత ఆకాశం రంగు మారింది. పంటకు వచ్చిన వరిచేలు గాలికి ఒక్క వైపే వంగి, లేవడం మరిచినట్లు అలాగే ఉండిపోయాయి. సూర్యలంక అన్న మాట ఎవరైనా పలుకుతారేమోనని కయితాన్ చెవులు ఎదురుచూశాయి. ఎవరూ పలకలేదు. పలకకపోవడమూ ఆయనకు శకునంగానే తోచింది.

పియెదాద్ ఇల్లు బాపట్ల స్టేషను వెనుక సందులో. వీధివారికి ఆమె పియాదమ్మ గారు. భర్త రైల్వేలో పనిచేసి పోయాడు. ఏటా సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పండుగకు తెనాలి, రేపల్లె, బాపట్లలో మిగిలిన గోవావారంతా ఆమె ఇంటనే చేరి, తమకు సగమైనా అర్థం కాని కొంకణిలో ప్రార్థనలు పాడి, బెల్లం కొబ్బరి వేసి ఉడికించిన శనగలు పంచుకొని వెళ్తారు. కయితాన్ వెళ్లేసరికి ఆమె పండుగ వంటకు పుల్లనీళ్లు వడకట్టుకుంటోంది. గోవాలో కొబ్బరికల్లుతో చేసే ఆ పులుపును ఈ నేలకు వచ్చాక వారి ఆడవారు తాటికల్లుతో చేయడం నేర్చుకున్నారు.

ఆమె తలెత్తి తమ్ముణ్ణి చూసింది. చేతిలోని గుడ్డ పిండడం ఆపింది.

“ఎవర్రా పోయింది?”

“ఇంకా ఎవరూ పోలేదక్కా.”

పియెదాద్ గుడ్డ పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, కుర్చీలో కూర్చొని, అప్పుడు చెప్పమన్నది. అంతా విన్నది. గాలికి పెంకులు కదులుతున్న చప్పుడు పైన వినబడుతోంది.

“గొప్పకు పోయావు. పట్నం పిల్ల ఫోను ముందు పెట్టగానే నీకు తాత గుర్తొచ్చాడు. రేపల్లెలో పెదనాన్న గుర్తు రాలేదేంట్రా?”

కయితాన్ తల దించుకున్నాడు. గుర్తుకు రాకపోవడమా! రైలులో దారి పొడుగునా ఆయన కళ్ల ఎదుట కూర్చున్నది, ఎప్పుడో పోయిన ఆ పెదనాన్నే. రేపల్లె రొట్టెల బట్టీ ముసలాయన శవయాత్ర అది. దారిలో రైలు గేటు పడింది. ఎండ మండుతోంది. పెదనాన్న ట్రంపెట్ చంకలో పెట్టుకొని, పక్క బడ్డీలో సోడా అడిగాడు. గేటు లేచాక మళ్లీ అందుకున్నారు గాని, తెగినది తెగినట్లే. ఆ ఏటి పండుగ చూడకుండానే పెదనాన్న కాలవలో తేలాడు. ఈత వచ్చిన మనిషి, మోకాటి లోతు నీళ్లలో.

“విరుగుడు లేదా అక్కా?”

“నాన్న ఒకసారి చెప్పాడు. చేసినవాళ్లను నేను చూడలేదు.” ఆమె గొంతు తగ్గించింది, గోడలు వింటాయన్నట్లు. “ఎక్కడ తెగిందో అక్కణ్ణుంచే ఎత్తుకోవాలి. తోట దాకా వాయించాలి. తెంపినవాడే గుమ్మం దగ్గర పేరు చెప్పాలి. చచ్చినవాళ్ల పేరు పనికిరాదు, వాళ్లకు పాట అయిపోయింది. బతికున్నవాళ్ల పేరు చెప్పాలి. తరవాత నువ్వు ముగింపు వాయించావా, అది ఆ పేరు తీసుకుని వెళ్లిపోతుంది. తెంపినవాణ్ణి వదిలేస్తుంది.”

బయట ఏదో తలుపు కొట్టుకుంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“నా పేరు చెప్పించు,” అన్నది పియెదాద్, పుల్లనీళ్ల సీసా తీసుకుపో అన్నంత మామూలుగా. “నా పెట్టెలో తెల్లచీర మడత పెట్టుకుని ఎన్నేళ్లయింది! నాకేం పోయింది?”

“నోరు ముయ్యి అక్కా.”

“నువ్వు నాకంటే చిన్నోడివి. నాకు చెప్పకు.”

“నేను వాయించిన పాట. నేను తప్పిన నియమం,” అన్నాడు కయితాన్. “పేరు కూడా నాదే.”

ఆమె లేచి వచ్చి, తమ్ముడి నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేసింది. ఆ వేలికి పులుపు వాసన ఇంకా పోలేదు.

సాయంత్రం తెనాలి చేరేసరికి చినుకు లేదు గాని, గాలిలో ఉప్పు వాసన వచ్చింది. సముద్రం అంత దూరాన ఉండగా ఉప్పు వాసన మోరిస్‌పేటకు ఎలా వచ్చిందో ఆయనకు బోధపడలేదు. రొమాల్డ్ వాకిట్లో బండి తుడుచుకుంటున్నాడు. కయితాన్ ఏదీ దాచలేదు. దాచితే ఒప్పించలేనని తెలుసు.

“సూర్యలంక వెళ్లకురా. ఆ బేరం మానుకో.”

“అడ్వాన్సు వేశారు పాయ్. డీజేలు వచ్చాక ట్రంపెట్‌ను పిలిచేదెవరు? ఒక్కడు పిలిస్తే కాదంటానా?”

“అయితే పొద్దున్నే పాట ముగించి పో. గుమ్మం దగ్గర నా పేరు చెప్పు.”

రొమాల్డ్ గుడ్డను బండి మీద పడేశాడు. “అత్త ఇదా చెప్పింది? మీ ఇద్దరికీ వయసైపోయి మతి పోయింది.”

“పోయిందనుకో. నువ్వు నమ్మవు కదా? నమ్మనివాడికి పేరు ఒట్టి మాటే. ఒక మాట అంటే నీదేం పోయింది? ఈ ముసలాడికి నిద్ర పడుతుంది.”

రొమాల్డ్ తండ్రి ముఖం చూశాడు. ఉదయం నుంచి అన్నం ముట్టని ముఖం అది. కాసేపటికి మెత్తబడ్డాడు. “సరేలే. పొద్దున్నే కానిద్దాం. కానీ మధ్యాహ్నానికి నేను బండెక్కాలి. ఆ తర్వాత ఈ పాట పేరు ఎత్తకూడదు, ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంటాను,” అన్నాడు కయితాన్. ఆ తరువాత ఎత్తడానికి తాను ఉండనన్న ధైర్యంతో అన్నాడు. లోపలికి వెళ్లి భార్య ఫొటో ముందు మోకరించాడు. ఆయన ప్రార్థనలో భయం లేదు. ఇవ్వవలసినది తన చేతిలోనే ఉన్నవాడికి భయం ఎందుకుంటుంది?

తెల్లవారింది గాని, వెలుగు రాలేదు. మబ్బు ఊరి మీద పళ్లెం బోర్లించినట్లుంది. నలుగురూ నల్ల కోట్లు తొడుక్కొని, ఇటుక ముక్క దగ్గర నిలబడ్డారు. కాలేషా వంగి దాన్ని తీసేశాడు. రొమాల్డ్ ట్రంపెట్ ఎత్తి, నిన్న దించిన స్వరాన్నే ఎత్తుకున్నాడు. డోలు అందుకుంది. కయితాన్ ఊపిరి అందులో కలిపాడు.

శవం లేని శవయాత్ర తెనాలి వీధుల్లోకి వచ్చింది.

టీకొట్టు దగ్గర జనం గ్లాసులు పట్టుకొని లేచి నిలబడ్డారు. ఒక కొట్టువాడు అలవాటు చొప్పున షట్టరు సగం దించాడు. దించాక, శవపేటిక కోసం వీధి మలుపు దాకా చూసి, మళ్లీ ఎత్తాలో వద్దో తెలియక అలాగే చేయి పెట్టి ఉండిపోయాడు. గుమ్మాల్లో ఆడవారు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“ఎవరు పోయారంట?”

“మాస్టారు వాయిస్తున్నాడు, కొడుకు వాయిస్తున్నాడు. మరి వెనక ఎవరూ లేరేంటి?”

“పెట్టె ముందే పోయిందేమో.”

“ఛ, పెట్టె ఎక్కడన్నా బ్యాండు కంటే ముందు పోతుందా!”

ఒక ఆటో వాడు బండి పక్కకు తీసి టోపీ తీశాడు. వెనుక ఖాళీ చూసి, తీసిన టోపీ పెట్టుకోవడానికి సాహసించలేకపోయాడు. కాలవ వంతెన మీద గాలి ఎదురైంది. పాట ఒక చుట్టు తిరిగి, ట్రంపెట్ ఒంటరిగా మోయవలసిన చోటు మళ్లీ అక్కడ వచ్చింది. రొమాల్డ్ తొణకకుండా మోశాడు, ముందెన్నడూ లేనంత నిండుగా మోశాడు. వీడు నా కొడుకు, ఈ విద్య వీడి దగ్గర బతుకుతుంది అనుకున్నాడు తండ్రి. ఆ మాట ఆయనకు ఊరేగింపులో అడుగు తేలిక చేసింది.

సమాధుల తోట గుమ్మం దగ్గర కాపలా ఉండే కోటేశ్వరమ్మ చీపురు చేత్తోనే ఎదురు వచ్చింది. “ఎవరయ్యా పోయింది? నాకు కబురే లేదు. గుంట తవ్వించలేదే! పెట్టె ఏదీ?”

బాకా ఆగింది, క్లారినెట్ ఆగింది, ట్రంపెట్ ఆగింది. కాలేషా డోలు ఒక్కటే, వేళ్ల కొసలతో, గుండె చప్పుడంత సన్నగా మోగుతోంది. కయితాన్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“చెప్పరా.”

రొమాల్డ్ ముందుకు వచ్చాడు. గుమ్మం దాటి సిలువల వరుసలు కనబడుతున్నాయి. నోరు తెరిచాడు. తండ్రి పేరులోని మొదటి అక్షరం దగ్గరే గొంతు ఆగింది. మళ్లీ ప్రయత్నించాడు.

“చెప్పు. ఒట్టి మాటే కదా.”

“ఒట్టి మాటే,” అన్నాడు రొమాల్డ్. “అయినా రావట్లేదు పాయ్.”

మనిషి నమ్మకం ఉండేది నాలుక మీద కాదు, నాలుక వేరు దగ్గర. అది అక్కడ ఉన్నట్లు మనిషికి తెలిసేది ఇటువంటి గుమ్మాల దగ్గరే. రొమాల్డ్ తండ్రి మెడ మీది నరాలు చూశాడు, నెరిసిన కనుబొమలు చూశాడు, క్లారినెట్ మీద సిద్ధంగా ఉన్న ఆ వేళ్లు చూశాడు. ఈ మనిషి పేరును మట్టికి చెప్పడమా? ఆ మాట అన్న నోటితో మళ్లీ పాయ్ అని పిలవడమా?

“అత్త తన పేరు చెప్పమన్నదంటగా? అదీ రాదు.” నవ్వడానికి ప్రయత్నించాడు. “నా పేరైతే నా నోటికి అలవాటే.”

“వద్దురా!”

కయితాన్ చేయి చాచేలోగానే రొమాల్డ్ సిలువల వైపు తిరిగి, తరతరాల ట్రంపెట్ వాద్యగాళ్లు పలికినట్లే, తల ఎత్తి, బిగ్గరగా పలికాడు: “రొమాల్డ్ జోకిం మిరాందా!”

తోటలోని కాకులు ఒక్కసారిగా లేచాయి. కాలేషా వేళ్లు తడబడ్డాయి గాని ఆగలేదు. కోటేశ్వరమ్మ చీపురు కింద పడేసింది.

“అయిపోయింది,” అన్నాడు రొమాల్డ్. ఇప్పుడు అతని ముఖం నిజంగానే తేలికపడింది. “ఇక నీ ముక్క వాయించి ఇంటికి పో పాయ్. అన్నం తిను.”

క్లారినెట్ కయితాన్ పెదవుల మధ్యకు దానంతట అదే వచ్చింది. ముగింపు పలుకు ఆయన వేళ్లలో కదులుతోంది. వేళ్లకు తెలిసినది అదే. వాయిస్తే కొడుకు పేరు ఖాయమవుతుంది. వాయించకుండా దించితే పాట మళ్లీ తెగినట్లే, విరుగుడు దక్కక, నిన్న తెంపిన పాపం వాడి మీదే ఉండిపోతుంది. ఎటు చూసినా దారి వాడి దగ్గరికే వెళ్తోంది. విడిచిన అస్త్రానికి ఉపసంహారం తెలియనివాడిలా ఆయన ఒక్క క్షణం నిలబడిపోయాడు. డోలు మోగుతోంది. అది మోగుతున్నంతసేపు ఏదీ ముగియలేదు, ఏదీ తెగలేదు.

ఆయన ఊపిరి నిండా తీసుకొని, పాటను మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

ఎబినేజర్ తెల్లబోయి చూసి, ఒక్క దరువు ఆలస్యంగా బాకా ఎత్తాడు. రొమాల్డ్ నుదురు కొట్టుకున్నాడు. “పాయ్! ఒప్పుకున్నావు కదా! మళ్లీ ఏంటిది?” తండ్రి నోటికి తీరిక లేదు. కళ్లతో మాత్రం వెళ్లకు, వెళ్లకు అన్నాడు. కొడుకు ఆ చూపును మొండితనం అనుకున్నాడు. దగ్గరికి వచ్చి, తండ్రి కోటు కాలరు సరిచేసి, చెవిలో చెప్పాడు: “సాయంత్రం వాయించి వచ్చేస్తా. నీళ్లలోకి దిగను, సరేనా?” ట్రంపెట్ సంచి భుజాన వేసుకొని బండి కోసం ఇంటి వైపు నడిచాడు. కాసేపటికి బాపట్ల వైపు వెళ్లే బండి చప్పుడు వినబడి, గాలిలో కలిసిపోయింది.

కోటేశ్వరమ్మ చీపురు తీసుకోకుండానే గుమ్మం అరుగు మీద చతికిలబడింది. నలుగురు కాస్తా ముగ్గురైన ఆ మేళం నిలబడిన చోటే అడుగులు వేస్తోంది. ట్రంపెట్ ఒంటరిగా మోయవలసిన చోటు రాగానే కయితాన్ ఆ స్వరాన్ని కూడా తన క్లారినెట్‌తోనే పట్టుకున్నాడు. అది అంత ఎత్తుకు లేవలేక వణికింది గాని తెగలేదు.

బాకా అందుకున్నప్పుడు ఆయన పెదవులకు ఒక్క ఊపిరి తీరిక దొరికింది. కాలేషా దగ్గరికి జరిగాడు.

“ఎంతసేపండీ మాస్టారూ?”

“వాడు తిరిగొచ్చేదాకా.”

కాలేషా తల ఊపాడు. సముద్రం వైపు నుంచి వచ్చిన మొదటి చినుకులు డోలు తోలు మీద పడ్డాయి. తోలు తడిసేకొద్దీ చప్పుడు బరువెక్కి, లోలోపలికి దిగిపోసాగింది. అతను మరింత గట్టిగా కొట్టాడు.